1983 చికాగో మేయర్ ఎన్నిక: హెరాల్డ్ వాషింగ్టన్‌ను గెలిపించింది ఓట్ల చీలికేనా?

మీరు అడిగినవి మూడు. తెల్లవారి ఓట్లు ఇద్దరి మధ్య చీలడం వల్లే హెరాల్డ్ వాషింగ్టన్ చికాగోకు తొలి నల్లజాతి మేయర్ అయ్యాడంటారు, నిజమేనా? డెమొక్రాట్ల కంచుకోటలో ఒక రిపబ్లికన్ దాదాపు గెలిచేంత దూరం ఎలా వచ్చాడు? ఇప్పుడు చికాగోలో ఉన్న రెండు విడతల ఎన్నిక పద్ధతికీ దానికీ సంబంధం ఉందా?

మొదటి దానికి సూటిగా జవాబు చెప్తాను. ఓట్ల చీలిక అనేది ఫిబ్రవరిలో జరిగిన ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) వరకే నిజం. ఏప్రిల్ 12న జరిగిన అసలు ఎన్నిక ముఖాముఖి పోటీ. అక్కడ చీలడానికి ఏమీ లేదు, అయినా ఆయన సగానికి పైగా ఓట్లతో గెలిచాడు. ఆ గెలుపుకి పునాది పడింది 1982 వేసవిలో, ఓటర్ల నమోదు జరిగిన ఆఫీసుల వరండాల్లో. నేను చాలా ఏళ్లుగా చికాగోలో ఉంటున్నాను, ఎన్నికల రోజుల్లో పోలింగ్ కేంద్రాల్లో పనిచేస్తుంటాను, ఆనాడు ఇంటింటికీ తిరిగిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని విన్నాను. "ముక్కోణపు పోటీలో అదృష్టం కలిసొచ్చింది" అని ఒక్క మాటలో తేల్చేస్తే వాళ్లు పడ్డ కష్టమంతా కొట్టుకుపోతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు చికాగో రాజకీయం ఎలా నడిచేదో తెలియాలి. 1931లో ఆంటన్ సెర్మాక్ అనే చెక్ వలసదారు రిపబ్లికన్ మేయర్ బిల్ థాంప్సన్‌ను ఓడించాడు. అప్పటి నుంచి ఈ నగరంలో మేయర్ పీఠం డెమొక్రాట్ల చేతుల్లోంచి పోలేదు. కాబట్టి డెమొక్రాటిక్ ప్రైమరీలో గెలిచినవాడే మేయర్, తర్వాత జరిగేది లాంఛనం. పార్టీ యంత్రాంగాన్ని ఇక్కడ "మెషీన్" అనేవాళ్లు. నగరంలో 50 వార్డులు, వార్డుకో ఆల్డర్మన్, అంటే మన కార్పొరేటర్ లాంటి పదవి. ప్రతి వార్డుకీ పార్టీ తరఫున ఒక కమిటీమన్ ఉంటాడు. ఆయన కింద ప్రీసింక్ట్ కెప్టెన్లు, మన దగ్గర బూత్ ఇన్‌ఛార్జి అంటామే, వాళ్లు. నగరం మొత్తం మీద దాదాపు 3 వేల ప్రీసింక్ట్‌లు.

ఈ కెప్టెన్ పని ఏమిటంటే, తన బూత్‌లో ఉన్న ప్రతి కుటుంబాన్నీ పేరుపేరునా ఎరిగి ఉండటం. చెత్త డబ్బా విరిగిపోతే కొత్తది తెప్పిస్తాడు. వీధి దీపం వెలగకపోతే ఫోన్ చేస్తాడు. కుర్రాడికి వేసవిలో పార్కుల శాఖలో చిన్న ఉద్యోగం ఇప్పిస్తాడు. ఎన్నికల నాడు మధ్యాహ్నానికల్లా ఎవరు ఓటేశారు, ఎవరు వేయలేదు అన్న జాబితా అతని జేబులో ఉంటుంది. వేయని వాళ్ల తలుపు తడతాడు. అతనికి కూడా జీతం వచ్చేది నగర ప్రభుత్వం నుంచో, కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచో. బూత్‌లో ఓట్లు తగ్గితే ఉద్యోగం పోతుంది. రిచర్డ్ జె. డేలీ 1955 నుంచి 1976 డిసెంబర్‌లో చనిపోయేదాకా మేయర్‌గా ఉండటమే కాదు, కౌంటీ పార్టీ అధ్యక్షుడిగా కూడా ఉండి, ఇలాంటి ఉద్యోగాలు వేలకు వేలు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు.

ఈ ఏర్పాటులో నల్లజాతివారి పరిస్థితి ఏమిటి? వాళ్ల ఓట్లు లేకుండా డేలీ నెగ్గేవాడు కాదు. 1955లో ఆయన మొదటిసారి గెలిచినప్పుడు కాంగ్రెస్ సభ్యుడు విలియం డాసన్ చేతిలో ఉన్న సౌత్ సైడ్ (నల్లజాతి పేటలు ఎక్కువగా ఉన్న దక్షిణ చికాగో) వార్డులు ఆయనకు పెద్ద అండ. కానీ ఓట్లకు తగ్గ వాటా ఎప్పుడూ రాలేదు. నల్లజాతి పిల్లల బడులు కిక్కిరిసి ఉంటే, పక్కనే తెల్లవారి బడుల్లో ఖాళీలున్నా అక్కడికి పంపకుండా, ఆవరణలో తాత్కాలిక షెడ్లు వేసి కూర్చోబెట్టారు. 1963 అక్టోబర్‌లో రెండు లక్షల మందికి పైగా విద్యార్థులు ఒక్క రోజు బడి మానేసి నిరసన తెలిపారు. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ ఇళ్ల కేటాయింపులో వివక్షకు వ్యతిరేకంగా మార్క్వెట్ పార్క్‌లో ఊరేగింపు తీస్తే రాయి వచ్చి ఆయన తలకే తగిలింది. 1969 డిసెంబర్‌లో స్టేట్స్ అటార్నీ, అంటే కౌంటీ ప్రధాన ప్రాసిక్యూటర్, హాన్రహాన్ కింద పనిచేసే పోలీసులు తెల్లవారుజామున దాడి చేసి బ్లాక్ పాంథర్ అనే నల్లజాతి హక్కుల పార్టీ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను మంచం మీదే కాల్చి చంపారు. 1972లో ఆ హాన్రహాన్ మళ్లీ పోటీ చేస్తే నల్లజాతి వార్డులు మిగతా డెమొక్రాట్లకు ఓటేసి, ఒక్క ఆ పదవికి మాత్రం రిపబ్లికన్‌కు వేసి ఓడించాయి. చెప్పినట్టు ఓటేసే కాలం అక్కడితో అయిపోయిందని నా ఉద్దేశం. 1983 కథ ఎవరైనా ఆ ఏడాది నుంచే మొదలుపెట్టాలి.

డేలీ చనిపోయిన వెంటనే జరిగిన ఒక సంఘటన సౌత్ సైడ్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ మరిచిపోరు. నగర కౌన్సిల్‌లో తాత్కాలిక అధ్యక్షుడి హోదాలో ఉన్నది విల్సన్ ఫ్రాస్ట్ అనే నల్లజాతి ఆల్డర్మన్. ఆ హోదాలో తాత్కాలిక మేయర్‌ని నేనేనని ఆయన ప్రకటించుకున్నాడు. మేయర్ ఆఫీసుకి వెళితే తలుపులకు తాళం. కొద్ది రోజుల్లో బేరాలు నడిచి మైకేల్ బిలాండిక్ అనే తెల్ల ఆల్డర్మన్‌ను మేయర్‌గా కూర్చోబెట్టారు, ఫ్రాస్ట్‌కు ఆర్థిక కమిటీ అధ్యక్ష పదవి ఇచ్చి సర్దుబాటు చేశారు. 1977లో జరిగిన ప్రత్యేక ఎన్నికలో హెరాల్డ్ వాషింగ్టన్ మొదటిసారి మేయర్ ప్రైమరీకి నిలబడ్డాడు. వచ్చింది 11 శాతం. ఆ అంకె గుర్తుపెట్టుకోండి.

1979 జనవరిలో చికాగోను మంచు ముంచేసింది. వీధులు శుభ్రం చేయడం బిలాండిక్ చేతకాలేదు. దానికి తోడు, రద్దీ తగ్గించడానికని సిటీ రైళ్లను నల్లజాతి పేటల్లో ఉన్న స్టేషన్లలో ఆపకుండా నడిపించారు. గడ్డకట్టే చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడి, తన ముందు నుంచే రైలు ఆగకుండా పోతుంటే చూసిన మనిషి ఫిబ్రవరిలో ఎవరికి ఓటేస్తాడు? పార్టీ మీద తిరుగుబాటు చేసిన జేన్ బర్న్‌కు వేశాడు. నల్లజాతి వార్డుల అండతో ఆమె ప్రైమరీలో బిలాండిక్‌ను స్వల్ప తేడాతో ఓడించింది. తర్వాత అసలు ఎన్నికలో 82 శాతం ఓట్లతో చికాగోకు తొలి మహిళా మేయర్ అయింది. అప్పుడు రిపబ్లికన్ అభ్యర్థికి వచ్చింది 16 శాతం. ఈ అంకె కూడా తర్వాత పనికొస్తుంది.

గెలిచాక బర్న్ ఆ ఓటర్లకు మొండిచెయ్యి చూపింది. మెషీన్‌ను కూలుస్తానని వచ్చిన మనిషి అదే మెషీన్ పెద్దలు ఎడ్వర్డ్ వర్డోల్యాక్, ఎడ్వర్డ్ బర్క్‌లతో చేతులు కలిపింది. 1981లో కబ్రీని-గ్రీన్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో మూడు వారాలు కాపురం పెట్టి పేదల పక్షమని చూపించుకుంది. అదే కాలంలో స్కూలు బోర్డులో నల్లజాతి సభ్యులను తీసి తెల్లవారిని పెట్టింది. 1982 వేసవిలో గృహ సంస్థ బోర్డులో కూడా అదే పని చేసి తెల్లవారికి ఆధిక్యం కట్టబెట్టింది. ఆ ఇళ్లలో ఉండేవాళ్లలో అత్యధికులు నల్లజాతివారు. ఆ దెబ్బతో జనం ఊరుకోలేదు. పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ పిలుపుతో నగరం జరిపే చికాగోఫెస్ట్ ఉత్సవాన్ని బహిష్కరించారు, పాడాల్సిన స్టీవీ వండర్ కూడా రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కోపం అన్ని పేటల్లోనూ ఉంటుంది, అది ఓటుగా మారడానికి ఎవరో ఒకరు ఒళ్లొంచి పనిచేయాలి. 1982లో అది జరిగింది. లూ పామర్ అనే జర్నలిస్టు తన రేడియో కార్యక్రమంలోనూ సభల్లోనూ నల్లజాతి మేయర్ రావాలన్న మాటను నెలల తరబడి నిలబెట్టాడు. నిరుద్యోగ భృతి ఆఫీసుల దగ్గర, సంక్షేమ కార్యాలయాల దగ్గర రోజూ వందల మంది క్యూలో ఉంటారు. ఓటర్ల నమోదు బల్లలు అక్కడికే తీసుకెళ్లి పెట్టాలని స్వచ్ఛంద సంఘాలు పట్టుబట్టి సాధించాయి. అంతకు ముందు ఓటరుగా నమోదవ్వాలంటే మనిషి వెతుక్కుంటూ వెళ్లాలి, ఇప్పుడు క్యూలో నిలబడ్డ చోటికే కాగితం వచ్చింది. తలనూనెలు, షాంపూలు తయారుచేసే సాఫ్ట్ షీన్ కంపెనీ యజమాని ఎడ్ గార్డ్‌నర్ తన డబ్బుతో రేడియో ప్రకటనలు వేయించాడు. నమోదుకి చివరి రోజైన అక్టోబర్ 5ను జనం నోట నానేలా చేశాడు. చర్చిల్లో పాస్టర్లు వేదిక మీద నుంచి చెప్పారు.

నల్లజాతి పేటల్లో లక్షకు పైగా కొత్త ఓటర్లు చేరారు. ఆ బలం నవంబర్‌లోనే తెలిసింది. ఇల్లినాయ్ గవర్నర్ ఎన్నికలో రిపబ్లికన్ జేమ్స్ థాంప్సన్ సునాయాసంగా నెగ్గుతాడని సర్వేలన్నీ చెప్పాయి. ఆయన అడ్లై స్టీవెన్సన్ మీద గెలిచింది 5,074 ఓట్ల తేడాతో, రాష్ట్రం మొత్తం మీద! చికాగో సౌత్, వెస్ట్ సైడ్‌లలో అంతమంది ఓటేస్తారని సర్వే చేసినవాళ్లెవరూ ఊహించలేదు.

వాషింగ్టన్ నిజానికి పోటీకి తొందరపడలేదు. అప్పటికి వాషింగ్టన్ డీసీలో కాంగ్రెస్ సభ్యుడు, ఆ పని ఆయనకు నచ్చింది. 1977 అనుభవం ఉంది కాబట్టి, ముందు ఓటర్లను చేర్చి, డబ్బు సమకూర్చి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. కనీసం 50 వేల కొత్త ఓటర్లు కావాలని అడిగాడు. వాళ్లు దానికి రెట్టింపు తెచ్చారు. ఇంక కాదనడానికి వీల్లేకపోయింది. 1982 నవంబర్ 10న పోటీలోకి దిగాడు. నాయకుడు జనాన్ని పోగుచేశాడని మనం మామూలుగా చెప్పుకుంటాం, ఇక్కడ జనం పోగై నాయకుణ్ణి లాక్కొచ్చారు. ఆ ఎన్నికలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆయన గురించి కొంచెం. 1922లో చికాగోలో పుట్టాడు. తండ్రి రాయ్ వాషింగ్టన్ లాయరు, చర్చిలో ప్రబోధకుడు, పార్టీ ప్రీసింక్ట్ కెప్టెన్ కూడా. అంటే కొడుకు మెషీన్ ఇంట్లోనే పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి వచ్చి, రూజ్‌వెల్ట్ కాలేజీలో, ఆ తర్వాత నార్త్‌వెస్టర్న్‌లో లా చదివాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ వెనక రెండో స్థానంలో వచ్చిన రాల్ఫ్ మెట్‌కాఫ్ తర్వాత మూడో వార్డు ఆల్డర్మన్ అయ్యాడు, ఆయన దగ్గర వాషింగ్టన్ రాజకీయం నేర్చుకున్నాడు. రాష్ట్ర శాసనసభలో పదిహేనేళ్లు గడిపాడు. కాబట్టి బయట నుంచి వచ్చిన అమాయకుడేమీ కాదు. మెషీన్‌లో ఏ బోల్టు ఎక్కడుంటుందో తెలిసినవాడు.

మచ్చ కూడా ఉంది, దాచడం అనవసరం. నాలుగేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయనందుకు 1972లో నెల రోజులకు పైగా జైల్లో ఉన్నాడు. పన్ను చాలావరకు జీతంలోంచి ముందే కోతపడింది, కట్టాల్సి మిగిలింది కొద్ది మొత్తమే. అయినా రిటర్ను వేయకపోవడం తప్పే. లాయరుగా ఆయన లైసెన్సు కూడా కొంతకాలం రద్దయింది. ప్రత్యర్థులకు ఇది చేతికందిన ఆయుధం అయింది.

ప్రైమరీలో ముగ్గురు. మేయర్ జేన్ బర్న్, పాత డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ, వాషింగ్టన్. డబ్బు బర్న్ దగ్గర ఉంది, పేరు డేలీ దగ్గర ఉంది. తెల్లవారి పేటల్లో వాషింగ్టన్‌ను ఎవరూ పట్టించుకోలేదు, పోరు ఆ ఇద్దరి మధ్యేనని పత్రికలు కూడా అలాగే రాశాయి. జనవరిలో నాలుగు టీవీ చర్చలు జరిగాయి. ముగ్గురూ పక్కపక్కన నిలబడేసరికి తేడా కనిపించింది. బర్న్ జాగ్రత్తగా మాట్లాడింది, డేలీ తడబడ్డాడు, వాషింగ్టన్ నిండైన గొంతుతో, నగర బడ్జెట్ అంకెలతో సహా చెప్పుకుపోయాడు. అప్పటిదాకా "మనవాడు గెలవడులే" అనుకున్న నల్లజాతి ఓటర్లలో చాలామందికి ఆ రాత్రుల్లో నమ్మకం కుదిరింది. ఉదయించే సూర్యుడి కిరణాలున్న నీలం రంగు బ్యాడ్జీలు కోట్ల మీద కనపడటం మొదలైంది. ఫిబ్రవరిలో ఇల్లినాయ్ యూనివర్సిటీ పెవిలియన్‌లో పెట్టిన సభకు మంచులో నడుచుకుంటూ వేలమంది వచ్చారు.

పోలింగ్‌కి ముందు శని ఆదివారాల్లో వర్డోల్యాక్ ఒక పొరపాటు చేశాడు. అప్పటికి ఆయన కౌంటీ డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్షుడు, బర్న్ పక్షం. వాయవ్య వార్డుల కార్యకర్తల సమావేశంలో, డేలీకి వేసే ప్రతి ఓటూ వాషింగ్టన్‌కు వేసినట్టే, ఇది జాతికి సంబంధించిన వ్యవహారం అని బాహాటంగా అన్నాడు. అక్కడ ఉన్న విలేఖరి చెవిన పడి మర్నాటికి నగరమంతా పాకింది. తెల్లవారిని ఒక్కతాటి మీదికి తెద్దామనుకున్న మాట సౌత్ సైడ్‌లో ఇళ్లలోంచి మనుషుల్ని పోలింగ్ కేంద్రాలకు తరిమింది.

ఫిబ్రవరి 22న వాషింగ్టన్‌కు 36 శాతం, బర్న్‌కు 34కు కాస్త తక్కువ, డేలీకి 30కి కాస్త తక్కువ. ఇక్కడ చీలిక వాదం చేసేవాళ్లది న్యాయమే. డేలీ లేకపోతే బర్న్ గెలిచి ఉండేది, నేనూ ఒప్పుకుంటాను. కానీ 1977లో 11 శాతం వచ్చిన మనిషికి ఆరేళ్లలో 36 ఎలా వచ్చింది? చీలిక అవతలి పక్షం ఓట్లను రెండు ముక్కలు చేయగలదు, ఇవతలి వాడికి 4 లక్షల 20 వేల ఓట్లు పుట్టించలేదు. పాత పద్ధతి ప్రకారం నల్లజాతి ఓట్లలో సగం బర్న్‌కు పోయి, పోలింగ్ కూడా ఎప్పటిలాగే మందకొడిగా ఉండుంటే, ఇద్దరు డేలీలు నిలబడ్డా వాషింగ్టన్ మూడో స్థానంలోనే ఉండేవాడు.

ఇక మీ రెండో ప్రశ్న. 1979లో 16 శాతం తెచ్చుకున్న పార్టీ నాలుగేళ్లలో 48 శాతానికి ఎలా వచ్చింది? రిపబ్లికన్ అభ్యర్థి బెర్నార్డ్ ఎప్టన్ హైడ్ పార్క్‌కు చెందిన యూదు లాయరు, శాసనసభ మాజీ సభ్యుడు, తన పార్టీలో ఉదారవాదిగా పేరున్నవాడు. డిసెంబర్‌లో ఆయన పేరు నగరంలో పదిమందికి తెలియదు. ఫిబ్రవరి 22 రాత్రి నుంచి ఆయన ఆఫీసుకి డబ్బు, కార్యకర్తలు కుప్పలుగా వచ్చిపడ్డారు. జీవితంలో ఎన్నడూ రిపబ్లికన్‌కు ఓటేయని పోలిష్, ఐరిష్, ఇటాలియన్ పేటల జనం ఎప్టన్ బ్యాడ్జీలు పెట్టుకున్నారు. కొందరు డెమొక్రాటిక్ కమిటీమన్లు బాహాటంగానే ఆయన వైపు వెళ్లారు, ఇంకొందరు పైకి పార్టీ అంటూ లోపల వెన్నుపోటు పొడిచారు. బర్న్ కూడా మార్చిలో, బ్యాలెట్ మీద పేరు లేకపోయినా జనం చేత్తో రాసి ఓటేసే పద్ధతిలో పోటీ చేస్తానని ప్రకటించి, కొద్ది రోజులకే విరమించుకుంది.

ఎప్టన్ ప్రకటనల్లో చివర వచ్చే మాట "సమయం మించిపోకముందే ఎప్టన్‌కు ఓటేయండి" అని. దేనికి సమయం మించిపోతోందో ప్రకటన చెప్పదు, చెప్పనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. పన్ను కేసు గురించే మాట్లాడుతున్నామని ఆయన పక్షం వాళ్లు అన్నారు. పన్ను కేసు చూసి నిజంగా వెనక్కి తగ్గిన ఓటర్లు కొందరు ఉన్నారు, వాళ్లనందర్నీ జాతి ద్వేషులనడం సరికాదు. కానీ జైలు శిక్షలు పడ్డ డెమొక్రాట్లకు అదే పేటల్లో అంతకు ముందు ఓట్లు పడ్డాయన్నది కూడా చికాగోలో అందరికీ తెలిసిన సంగతే.

మార్చి 27, మట్టల ఆదివారం. వాషింగ్టన్, మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ కలిసి వాయవ్య దిక్కున ఉన్న సెయింట్ పాస్కల్ చర్చికి ప్రార్థనకు వెళ్లారు. బయట గుంపు కేకలు వేసింది, బూతులు తిట్టింది. చర్చి తలుపు మీద ఎవరో నల్లజాతివారిని తిడుతూ, చావాలని కోరుతూ రంగుతో రాసి ఉంచారు. ఇద్దరూ మధ్యలోనే లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ దృశ్యాలు దేశమంతా టీవీల్లో చూసింది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉత్తరం వైపు ఉండే చదువుకున్న తెల్లవారి వార్డుల్లో, అప్పటిదాకా ఎటూ తేల్చుకోలేని వాళ్లను ఆ ఆదివారం కదిలించిందని అప్పట్లో అక్కడ ప్రచారం చేసినవాళ్లు నాతో చెప్పారు.

ఏప్రిల్ 12న నగరంలో నమోదైన ఓటర్లలో సుమారు 82 శాతం మంది ఓటేశారు. దాదాపు 13 లక్షల ఓట్లలో వాషింగ్టన్‌కు 6,68,176, ఎప్టన్‌కు 6,19,926. శాతాల్లో 51.7, 48. తేడా 48 వేల చిల్లర. నల్లజాతి ఓట్లు దాదాపు మొత్తంగా వాషింగ్టన్‌కే పడ్డాయి. తెల్లవారిలో అంచనాల ప్రకారం ఎనిమిది మందిలో ఒకరే ఆయనకు వేశారు. ప్రైమరీలో ఆయన వైపు పెద్దగా రాని లాటినో ఓటర్లు ఈసారి ఎక్కువ భాగం ఆయనకే వేశారు. తెల్లవారిలో ఆ ఎనిమిదో మనిషి, పిల్సెన్, హంబోల్ట్ పార్క్ పేటల్లోని మెక్సికన్, ప్యూర్టో రికన్ కుటుంబాలు, వీళ్లలో ఏ ఒక్కరు తగ్గినా ఎప్టన్ మేయర్. 1980 జనాభా లెక్కల్లో నగరంలో నల్లజాతివారు 40 శాతమే. ఒక్క జాతి ఓట్లతో ఈ నగరంలో ఎవరూ గెలవలేరు, ఆయన అది తెలిసే చివరి వారాల్లో ఎక్కువ సమయం అవతలి పేటల్లో తిరిగాడు.

ఇంకో రుజువు 1987. ఆ ఏడాది ప్రైమరీలో మళ్లీ బర్న్ నిలబడింది, ఈసారి ఆమె ఓట్లు చీల్చే మూడో పెద్ద అభ్యర్థి లేడు. వాషింగ్టన్ సగానికి పైగా ఓట్లతో గెలిచాడు. ఏప్రిల్‌లో వర్డోల్యాక్ వేరే పార్టీ మీద, ఇంకొకరు రిపబ్లికన్‌గా నిలబడ్డారు, ఆ ఇద్దరి ఓట్లూ కలిపినా ఆయనకు సరిపోలేదు. కాబట్టి 1983 ఫిబ్రవరిని మినహాయిస్తే మిగతా మూడు ఎన్నికల్లోనూ ఆయనది సొంత ఆధిక్యమే.

మీరు అడగలేదు గానీ, గెలిచాక ఏం జరిగిందో చెప్పకపోతే ఈ ఎన్నిక సగమే అర్థమవుతుంది. 50 మంది ఆల్డర్మన్లలో 29 మంది వర్డోల్యాక్, బర్క్‌ల వెనక చేరారు. మేయర్ పక్షాన 21 మంది. 1983 మే 2న జరిగిన తొలి సమావేశంలో వాషింగ్టన్ సభను వాయిదా వేసి తనవాళ్లతో బయటికి నడిచాడు. 29 మంది కదలకుండా కూర్చుని కమిటీలన్నీ పంచేసుకున్నారు. కోర్టు వాళ్ల పక్షానే చెప్పింది. అక్కడి నుంచి మూడేళ్లు మేయర్ పంపిన నియామకాలు ఆగిపోయాయి, ఆయన తీర్మానాలను వాళ్లు ఓడించడం, వాళ్ల తీర్మానాలను ఆయన వీటో చేయడం. వీటోను తోసిపుచ్చాలంటే 34 ఓట్లు కావాలి, వాళ్ల దగ్గర 29 ఉన్నాయి. ఆ 21 మంది గట్టిగా నిలబడటం వల్లే నగరం నడిచింది. అదే కాలంలో పార్టీ పనిచేసినవాడికే నగర ఉద్యోగం అనే పాత ఆనవాయితీని ఆపే కోర్టు ఒప్పందానికి ఆయన తలవంచాడు. తన చేతిలో ఉన్న పంచిపెట్టే అధికారాన్ని తానే వదులుకోవడం అది. పార్టీలో ఆయన సొంత మనుషులకు కూడా ఇది రుచించలేదు.

1986లో ముడి వీడింది. వార్డుల సరిహద్దులు నల్లజాతి, లాటినో ఓటర్లకు అన్యాయం చేసేలా గీశారని ఫెడరల్ కోర్టు తేల్చడంతో ఏడు వార్డుల్లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. 22వ వార్డులో హెసూస్ గార్సియా గెలిచాడు. 26వ వార్డు రెండో విడత దాకా వెళ్లి లూయిస్ గుటియెరెజ్ గెలవడంతో కౌన్సిల్ 25-25 అయింది. సమానమైతే మేయర్ ఓటు చెల్లుతుంది. మేయర్‌గా ఆయన నిజంగా పాలించింది అప్పటి నుంచి ఏడాదిన్నర కాలమే. 1987 నవంబర్ 25న సిటీ హాల్‌లో తన బల్ల దగ్గరే గుండెపోటుతో కూలిపోయాడు.

చికాగోలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. కూరగాయలకీ మిఠాయిలకీ మనం వెళ్లే డెవాన్ అవెన్యూ 50వ వార్డులో ఉంది. అక్కడి ఆల్డర్మన్ బెర్నార్డ్ స్టోన్ ఆ 29 మందిలో ఒకడు, 2011 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. డెవాన్‌లో దుకాణాలు పెట్టుకున్న మన పాతతరం వాళ్లు లైసెన్సులకీ పార్కింగ్ గొడవలకీ ఆయన ఆఫీసుకే వెళ్లారు. కౌన్సిల్ పోరు మనకు సంబంధం లేని పాత కథ అనిపిస్తే అది గుర్తుచేసుకోండి.

చివరిది, రెండు విడతల పద్ధతి. సంబంధం ఉంది. 1983 ఫిబ్రవరి మళ్లీ జరగకూడదని, 1987 ఎన్నికకు ముందే కొందరు పార్టీ గుర్తుల్లేని ఎన్నిక పెట్టి, ఎవరికీ సగం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ పెట్టాలని సంతకాలు సేకరించారు. వాషింగ్టన్ పక్షం దాన్ని అడ్డుకుంది. 1995లో రాష్ట్ర శాసనసభ ఆ చట్టం తెచ్చింది, 1999 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు మెజారిటీతో ఒక నల్లజాతి అభ్యర్థి మళ్లీ బయటపడకుండా చేసిన ఏర్పాటని అప్పుడు చాలామంది నల్లజాతి నాయకులు తప్పుబట్టారు. ఆచరణలో మాత్రం 2019లో రెండో విడతకు చేరిన ఇద్దరూ నల్లజాతి మహిళలే, లోరీ లైట్‌ఫుట్ గెలిచింది. 2023లో తొలి విడతలో పాల్ వాలాస్ 33 శాతంతో చాలా ముందున్నాడు, బ్రాండన్ జాన్సన్‌కు 22 శాతం కూడా రాలేదు. పాత పద్ధతి ఉండి ఉంటే వాలాస్ మేయర్ అయ్యేవాడు. రెండో విడతలో జాన్సన్ 52 శాతంతో గెలిచాడు.